చెక్కుపై లేని మాట

అయిజ మస్జిదు వరండాలో ఆ శుక్రవారం జుమా నమాజు ముగిసిన తరువాత కూడా నలుగురైదుగురు లేవలేదు. ఆదోని అమ్మాయి వార్త అందరి నోటా ఉంది. నాగలదిన్నె వద్ద తుంగభద్ర దాటి ఎమ్మిగనూరు మీదుగా వెళితే ఆదోని మనకు పరాయి ఊరేమీ కాదు. మన పత్తి అక్కడి మార్కెట్టుకు పోతుంది, మన పిల్లల సంబంధాలు అక్కడ కుదురుతాయి. ఒక యువకుడు ఫోనులో డాలర్లను రూపాయలుగా మార్చి చూసి, "రెండు వందల అరవై కోట్ల దాకా అవుతుంది" అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఒక పెద్దాయన, "బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ సొమ్మును ఏ చేతులతో అందుకుంటుంది బేటా? రక్తాన్ని అమ్ముకున్నట్లు కాదా?" అని అడిగారు. పక్కనున్న మరొకరు, "ఇక్కడైతే అయిదు లక్షల చెక్కు చేతిలో పెట్టి, ఫోటో తీయించుకుని పోయేవారు చాచా. అక్కడ కనీసం..." అని సగంలోనే ఆపేశారు.

ఆ రెండు మాటలూ మమ్మల్ని వెంటాడాయి. ఈ నెల ఈ శీర్షికను వాటికే కేటాయిస్తున్నాము.

ముందుగా జరిగినదేమిటో చెప్పుకోవాలి. ఆదోని నుండి పై చదువుల కోసం అమెరికా వెళ్ళిన 23 ఏళ్ళ విద్యార్థినిని 2023 జనవరి 23న సియాటిల్ నగరంలో రోడ్డు దాటుతుండగా ఒక పోలీసు కారు ఢీకొన్నది. గంటకు 40 కిలోమీటర్ల పరిమితి ఉన్న వీధిలో ఆ కారు సుమారు 119 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నది. ఆమె మరణించింది. ఆ తరువాత మరో పోలీసు అధికారి ఫోనులో మాట్లాడుతూ నవ్వాడు. పదకొండు వేల డాలర్ల చెక్కు రాస్తే సరిపోతుందనీ, ఆమె విలువ పరిమితమేననీ అన్నాడు. అతని ఒంటిపై ఉన్న కెమెరా ఆ మాటలను నమోదు చేసింది. అవి బయటికి వచ్చినప్పుడు ఇక్కడి తెలుగు ఇళ్ళలోనూ రక్తం ఉడికింది.

తల్లిదండ్రుల తరఫున దావా పడింది. కోరిన మొత్తం 11 కోట్ల డాలర్లు, దానికి తోడు మరో 11 వేలు. నవ్వుతూ వేసిన ఆ వెలను కుటుంబం తన దావా పత్రంలో చేర్చి, నగర ప్రభుత్వం ముందే పెట్టింది. 2026 ఫిబ్రవరిలో 2 కోట్ల 90 లక్షల డాలర్లకు రాజీ కుదిరినట్లు వెల్లడైంది. ఇక కారు నడిపిన అధికారి సంగతి. 2024లో ప్రాసిక్యూషన్ వారు అతనిపై తీవ్ర నేరారోపణ మోపబోమని ప్రకటించారు. అతనికి పడింది 5 వేల డాలర్ల జరిమానా, ఆ తరువాత ఉద్యోగం పోవడం. నవ్విన అధికారికీ ఉద్యోగం పోయింది. జైలు ముఖం ఎవరూ చూడలేదు.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వద్దాము. పరిహారం పుచ్చుకోవడం రక్తాన్ని అమ్ముకోవడమేనా?

కాదు. ఈ విషయంలో మన ధర్మం ఎటువంటి సందిగ్ధాన్నీ మిగల్చలేదు. దివ్య ఖుర్‌ఆన్ నిసా సూరా 92వ ఆయతు, పొరపాటున ప్రాణం తీసినవాడు మృతుని వారసులకు రక్తపరిహారం చెల్లించాలని విధించింది. వారసులు స్వయంగా వదిలేస్తే అది వేరే సంగతి. ముస్లిములతో ఒడంబడికలో ఉన్న ఇతర జాతులవారి ప్రాణానికీ అదే నియమం. కనుక దియత్ సొమ్ము వారసుల హక్కు. దానిని తీసుకున్న తల్లిని వేలెత్తి చూపే అధికారం ఇరుగుపొరుగుకు లేదు. మన బస్తీలలో ఇటువంటి మాటలు ఎంత తేలికగా పుడతాయో, అవి ఆ ఇంటి స్త్రీల చెవికి ఎంత త్వరగా చేరుతాయో మనకు తెలియనిది కాదు.

అయితే అదే ఆయతులో మరొక విధి ఉన్నది. దానిపై మన దృష్టి అంతగా నిలవదు. పరిహారంతో పాటు ఆ వ్యక్తి ఒక బానిసకు విముక్తి కలిగించాలి. అది వీలుకానివాడు రెండు నెలలు ఎడతెగకుండా ఉపవాసాలు పాటించి అల్లాహ్ సన్నిధిలో పశ్చాత్తాపపడాలి. ఈ రెండింటి తేడా గమనించండి. దియత్ భారాన్ని అతని బంధువర్గం పంచుకోవచ్చు. ఫుఖహా దానికి నియమాలు చెప్పారు, కొన్ని సందర్భాలలో బైతుల్ మాల్ కూడా చెల్లిస్తుందన్నారు. కానీ ఆ అరవై రోజుల ఆకలిని అతని బదులు మరొకరు భరించలేరు. సొమ్ము ఖజానా నుండి రావచ్చు; జవాబుదారీ మాత్రం ఆ మనిషి నుండే రావాలి. నేటి ప్రభుత్వాల చెక్కులు తీర్చేది ఆయతులోని మొదటి సగాన్ని మాత్రమే అని మా అభిప్రాయం. రెండవ సగం సియాటిల్‌లోనూ తీరలేదు, మన దగ్గర అయితే దాని ఊసే ఉండదు.

ప్రభుత్వం తన మనుషుల చేతిలో జరిగిన అన్యాయానికి పరిహారం ఎలా చెల్లించాలన్న దానికి సీరత్‌లో ఒక ఘట్టం ఉన్నది. హిజ్రీ 8వ సంవత్సరం, మక్కా విజయం ముగిసిన రోజులు. దైవప్రవక్త (స) హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి)ను బనూ జజీమా తెగ వద్దకు పంపారు. యుద్ధం చేయమని కాదు, ఇస్లాం వైపు పిలవమని. ఆ తెగవారు తాము ఇస్లాం స్వీకరించామని సరైన మాటలో చెప్పలేకపోయారు. పాత మతాన్ని వదిలామన్న అర్థం వచ్చే మరో మాట అన్నారు. ఖాలిద్ (రజి) దానిని అంగీకరించక ఖైదీలను చంపమని ఆదేశించారు. ఆ దళంలోనే ఉన్న అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) తమ చేతిలోని ఖైదీని చంపడానికి నిరాకరించారు. వార్త దైవప్రవక్త (స)కు చేరింది. ఆయన చేతులెత్తి, ఖాలిద్ చేసిన పనితో తనకు సంబంధం లేదని అల్లాహ్‌కు విన్నవించుకున్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు.

ఆ మాట అందరి ముందూ వెలువడింది. రాజకీయంగా చూస్తే అది ఎంత సున్నితమైన సమయమో ఊహించండి. మక్కా చేతికి వచ్చి రోజులే అయింది, ఖాలిద్ (రజి) ఇస్లామీ సైన్యంలో పేరెన్నికగన్న సేనాని, తాయిఫ్, హునైన్ వైపు శత్రువులు కూడగట్టుకుంటున్నారు. మా సేనాని మనోస్థైర్యం దెబ్బతింటుందన్న వాదన అక్కడ వినిపించలేదు. తరువాత హజ్రత్ అలీ (రజి) సొమ్ముతో బనూ జజీమా వద్దకు వెళ్ళారు. చనిపోయిన ప్రతి మనిషికీ రక్తపరిహారం చెల్లించారు. పోయిన సామగ్రికి, చివరకు కుక్క నీళ్ళు తాగే పాత్రకు కూడా వెల కట్టి ఇచ్చారు. ఇంకేమైనా మిగిలిందా అని అడిగారు. లేదన్నారు. చేతిలో మిగిలిన సొమ్మును కూడా, వారికీ తమకూ తెలియకుండా పోయిన నష్టం ఏదైనా ఉండవచ్చునని, వారికే ఇచ్చి వచ్చారు. దైవప్రవక్త (స) అది విని, మంచి పని చేశావని మెచ్చుకున్నారు. ఖాలిద్ (రజి) పట్ల మన గౌరవానికి దీనివల్ల లోటేమీ రాదు. అది అర్థం చేసుకోవడంలో జరిగిన పొరపాటని ఉలమా వివరించారు. పొరపాటును పొరపాటని చెప్పడం మాత్రం ఆగలేదు.

ఇప్పుడు మన నంద్యాల సంగతి. 2020 నవంబరు 3న నంద్యాలకు చెందిన ఒక ముస్లిం ఆటో డ్రైవరు, ఆయన భార్య, వారి ఇద్దరు పిల్లలు పాణ్యం సమీపంలోని కౌలూరు వద్ద రైలు పట్టాలపై ప్రాణాలు విడిచారు. తాము చేయని దొంగతనాన్ని మోపి పోలీసులు వేధిస్తున్నారని మరణానికి ముందు తీసిన వీడియోలో వారు చెప్పారు. అది చూసి కంటతడి పెట్టని ఇల్లు మనలో లేదు. ఆ మరణం తీరు గురించి తీర్పు చెప్పడం మన పని కాదు, అది అల్లాహ్‌కు వదిలేద్దాము. ఒక సర్కిల్ ఇన్‌స్పెక్టరు, ఒక హెడ్ కానిస్టేబులు అరెస్టయ్యారు. వారికి బెయిలు వచ్చింది. దానిని రద్దు చేయాలని ప్రభుత్వమే కోర్టుకు వెళ్ళింది. మృతురాలి తల్లికి 25 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా అందింది. ఆ తరువాత చర్చ ఎటు మళ్ళిందో గుర్తు తెచ్చుకోండి. బెయిలు ఇప్పించిన న్యాయవాది ఏ పార్టీవాడు, పరిహారం ప్రకటించిన ప్రభుత్వం ఎంత త్వరగా స్పందించింది, ఎవరు ముందు పరామర్శకు వెళ్ళారు. ఆ నలుగురి గురించిన మాట రెండు పార్టీల తగవులో చిన్నదైపోయింది.

అప్పట్లో కొందరు, పోలీసులు వారిని పట్టాలపైకి తోయలేదు కదా అని కూడా వాదించారు. ఆ మాట విన్నప్పుడు మాకు ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో జరిగినట్లు గ్రంథాలలో నమోదైన ఒక సంఘటన గుర్తుకు వచ్చింది. విచారణ నిమిత్తం ఆయన ఒక స్త్రీని పిలిపించారు. ఖలీఫా పిలుస్తున్నాడన్న భయంతో దారిలోనే ఆమెకు గర్భస్రావమైంది. మీరు పాలకులు, క్రమశిక్షణ కోసమే పిలిచారు, మీపై బాధ్యత లేదని కొందరు సహచరులు అన్నారు. హజ్రత్ అలీ (రజి) మౌనంగా ఉన్నారు. అడిగినప్పుడు, ఆ శిశువు రక్తపరిహారం మీపైనే ఉంది, ఆమెను భయపెట్టినవారు మీరే అని చెప్పారు. ఉమర్ (రజి) ఆ తీర్పును శిరసావహించారు. ఎవరూ ఆమెపై చేయి వేయలేదు. అధికారం పుట్టించిన భయమే కారణమైనా బాధ్యత తప్పలేదు.

మన ప్రభుత్వాలు వాడే ఎక్స్‌గ్రేషియా అన్న మాట లాటిన్ భాషది. దానికి అర్థం 'దయతో' అని. అంటే, ఇవ్వవలసిన బాధ్యత మాకు లేదు, దయ తలచి ఇస్తున్నాము అని అందులోనే ఉన్నది. తప్పు జరిగిందన్న ఒప్పుకోలు ఆ చెక్కుపై ఎక్కడా కనిపించదు. అమెరికా రాజీ పత్రాలలో కూడా సాధారణంగా అది ఉండదు, ఆ మాటకు వస్తే. దయ మీద నడిచే సొమ్ముకు ఒక పెద్ద ఇబ్బంది ఉంది. ఇచ్చేవాడి ఇష్టాన్ని బట్టి అది మారుతుంది. 2021 జనవరి 6న అమెరికా క్యాపిటల్ భవనంలోకి చొరబడిన గుంపులో ఒక మహిళ పోలీసు కాల్పులకు మరణించింది. ఆనాటి విచారణ ఆ అధికారిపై కేసు పెట్టనక్కరలేదని తేల్చింది. 2025లో ప్రభుత్వం మారిన తరువాత అదే మరణానికి దాదాపు 50 లక్షల డాలర్లతో రాజీ కుదిరింది. సాక్ష్యం మారలేదు, కుర్చీలో మనిషి మారాడు. ఆ దేశంలో దానిపై జరిగిన రగడలో ఎవరి పక్షం వహించాలన్నది మా ఉద్దేశం కాదు. పరిహారం పార్టీల చేతిలో పడితే ఎలా ఉంటుందో చెప్పడానికే ఈ ప్రస్తావన.

మనకు మరింత చేదైన అనుభవం ఉన్నది. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత ఎందరో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. వారిలో చాలామంది నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ తరువాత ఆనాటి రాష్ట్ర ప్రభుత్వం 70 మందికి కలిపి 70 లక్షల రూపాయలు మంజూరు చేసింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసి, ఇచ్చిన సొమ్మును రాబట్టమన్నది. నిర్దోషిగా విడుదల కావడం మాత్రమే పరిహారానికి ఆధారం కాజాలదన్నది న్యాయస్థానం వాదన. దానితో మాకు అంగీకారం లేదు. అయినా ఒక వాస్తవం దాని వల్ల బయటపడింది: చట్టం పునాదిగా లేని చెక్కును ఎవరైనా ఎప్పుడైనా వెనక్కి అడగవచ్చు.

అందుకే కోయిలకుంట్ల కేసును గురించి మన వారందరూ తెలుసుకోవాలని మా కోరిక. నది అవతలి కర్నూలు జిల్లాలో జరిగిన సంగతే అయినా ఆ వరండాలో కూర్చున్నవారిలో ఒక్కరికీ దాని పేరు తెలియదు. 1977 ఏప్రిల్‌లో చల్లా చిన్నప్పరెడ్డి, ఆయన కుమారుడు చల్లా రామకృష్ణారెడ్డి ఒక కేసులో అరెస్టయి కోయిలకుంట్ల సబ్‌జైలులో ఉన్నారు. ఫ్యాక్షన్ పగలు రగులుతున్న రోజులు. మే 5వ తేదీ రాత్రి గడిచి 6వ తేదీ తెల్లవారుజామున, మూడున్నర ప్రాంతంలో, కొందరు జైలు ఆవరణలోకి వచ్చి వారున్న గదిలోకి బాంబులు విసిరారు. తండ్రి కర్నూలు ఆసుపత్రిలో మరణించారు, కుమారుడు గాయాలతో బయటపడ్డారు. తరువాతి కాలంలో ఆ కుమారుడే ఎమ్మెల్యే అయ్యారు.

ఆ కుటుంబం పది లక్షల నష్టపరిహారం కోరుతూ రాష్ట్ర ప్రభుత్వంపై దావా వేసింది. ప్రభుత్వం రెండు అడ్డుగోడలు కట్టింది. గడువు దాటిపోయిందన్నది ఒకటి. జైలు నడపడం సార్వభౌమాధికారంలో భాగం, దానిలో పొరపాటు జరిగినా రాజ్యం బాధ్యురాలు కాదన్నది రెండవది. ఈ రెండవ వాదం బ్రిటిషు వారి నుండి మనకు సంక్రమించినది. రాజు తప్పు చేయడన్న పాత నమ్మకం దాని మూలం. కింది కోర్టు దావాను కొట్టివేసింది. హైకోర్టులో జస్టిస్ జీవన్‌రెడ్డి ఆ గోడలను కూల్చారు. 1,44,000 రూపాయలు, దానిపై 6 శాతం వడ్డీ చెల్లించాలని తీర్పు వచ్చింది. ప్రభుత్వం అక్కడితో ఆగక సుప్రీంకోర్టుకు పోయింది. 2000 ఏప్రిల్‌లో జస్టిస్ సగీర్ అహ్మద్ రాసిన తీర్పు హైకోర్టు తీర్పునే నిలబెట్టింది. ప్రాణభయం ఉందని ముందే తెలిసినా తగిన కాపలా పెట్టకపోవడం నిర్లక్ష్యమనీ, ఖైదీ అయినంత మాత్రాన మనిషికి జీవించే హక్కు పోదనీ, ఆ హక్కును హరించిన చోట సార్వభౌమత్వం అన్న సాకు చెల్లదనీ అందులో ఉన్నది.

బాంబు పడిన రోజుకూ తుది తీర్పుకూ మధ్య 23 సంవత్సరాలు. వచ్చిన మొత్తం నేటి లెక్కలో ఒక పాత కారు ధర. అయినా నంద్యాల 25 లక్షల కంటే ఈ లక్షా నలభై నాలుగు వేలే మాకు బరువుగా తోస్తుంది. ఎందుకంటే దానితో పాటు ఒక వాక్యం వచ్చింది: రాజ్యమా, నీవు తప్పు చేశావు. ఆ వాక్యాన్ని ఏ ప్రభుత్వం మారినా వెనక్కి తీసుకోలేదు. దాని మీద ఆధారపడి తరువాతివారు తమ హక్కును అడగగలిగారు. ఒరిస్సాలో ఒక తల్లి, పోలీసు కస్టడీలో తన కుమారుడు మరణించాడని సుప్రీంకోర్టుకు రాసిన ఉత్తరమే 1993లో నీలబతి బెహరా తీర్పు అయింది. ఆమెకు లక్షా యాభై వేలు ఇప్పించారు. 2023 ఫిబ్రవరిలో మెదక్ పోలీసులు దొంగతనం అనుమానంతో పట్టుకున్న మన సోదరుడు ఆసుపత్రిలో మరణించినప్పుడు తెలంగాణ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టగలిగిందంటే, ఆ దారి వేసినవి ఇటువంటి తీర్పులే.

అల్లాహ్ ఏ ఇంటికీ అటువంటి రోజు చూపించకూడదు. చూపిస్తే మాత్రం కొన్ని సంగతులు తెలిసి ఉండడం మంచిది. కస్టడీలో మరణం సంభవిస్తే మేజిస్ట్రేటు విచారణ జరిపించడం చట్టప్రకారం తప్పనిసరి; కుటుంబం దానిని కోరి, తన మాట నమోదు చేయించుకోవాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా బాధితుల పరిహార పథకం వేరుగా ఉన్నది. 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద దావా వేయడానికి మరణం నాటి నుండి రెండేళ్ళే గడువు. ప్రభుత్వంపై దావాకు ముందు రెండు నెలల నోటీసు అవసరం కనుక నాలుగో నెలలోనే వకీలును కలవడం మేలు, ఇరవయ్యో నెలలో కాదు. ఎక్స్‌గ్రేషియా పుచ్చుకున్నంత మాత్రాన క్రిమినల్ కేసు ఆగిపోదు. చెక్కు ఇచ్చే రోజు ఎవరైనా కాగితాలపై సంతకం అడిగితే, వకీలుకు చూపించిన తరువాతే చేయండి. నాయకుడు ఫోటో కోసం తొందరపడతాడు, మీరు పడనక్కరలేదు.

ఇక చెక్కు ఇంట్లోకి వచ్చిన తరువాతి మాట. మేము ఎక్కువగా భయపడేది దీనికే. మృతుని అన్నదమ్ములు, "మేమే తిరిగాము, మేమే ఖర్చు పెట్టాము" అంటారు. ఇద్దత్‌లో ఉన్న కోడలు నోరు తెరవదు. దియత్‌లో భార్యకు భాగం లేదని హజ్రత్ ఉమర్ (రజి) కూడా మొదట భావించారు. అప్పుడు దహ్హాక్ బిన్ సుఫ్యాన్ (రజి) లేచి, అష్యమ్ అనే వ్యక్తి రక్తపరిహారంలో ఆయన భార్యకు వారసత్వ భాగం ఇవ్వమని దైవప్రవక్త (స) తనకు రాసి పంపారని తెలియజేశారు. ఉమర్ (రజి) వెంటనే తమ అభిప్రాయాన్ని మార్చుకున్నారు. కనుక కోర్టు తీర్పుతో వచ్చిన పరిహారమైనా, రాజీ ద్వారా వచ్చినదైనా, అది షరీఅత్ ప్రకారం భార్యకు, పిల్లలకు, తల్లిదండ్రులకు భాగాలవారీగా చెందుతుంది. పిల్లలున్న భార్యకు ఎనిమిదవ వంతు, లేకుంటే నాలుగవ వంతు. ప్రభుత్వం ఫలానా వ్యక్తికని పేరు పెట్టి ఇచ్చిన ఎక్స్‌గ్రేషియా మాత్రం కానుక కిందికి వస్తుందా, వారసత్వ సొమ్ము అవుతుందా అన్న దానిలో ఉలమా అభిప్రాయం తీసుకోవాలి. ఆ ప్రశ్న వేసే పని మరుదులకో బావలకో వదలకుండా మహల్లా పెద్దలు తామే వేయాలి. ఆ కోడలి పేరిట బ్యాంకులో ఖాతా లేకుంటే ముందు అది తెరిపించాలి.